బడి లేని యూరి బాలుడు – బెనీటో హువారెజ్

ఉత్తర అమెరికా ఖండమున దక్షిణ భాగమునందు మెక్సికో యను దేశము కలదు. ఆ దేశపు దక్షిణ రాష్ట్రములలో వహాకా యొకటి. వహాకాలో మైదానములు తక్కువ, కొండలు ఎక్కువ. ఉత్తర దిక్కున నున్న కొండలలో దట్టమైన యడవులును, వాని నడుమ లోయలలో మొక్కజొన్న చేలును, చిన్న చిన్న పల్లెలును కనబడును. ఒక పల్లెకును మరియొక పల్లెకును నడుమ కొండ యడ్డముగా నిలుచుటచే, ఒక లోయవారి మాట దూరమునందలి లోయవారికి తెలియనంతగా వారి పలుకుబడులు వేరైపోయినవి. ఈ కొండలలో నివసించువారు జపోతెక్ అను జాతివారు. స్పెయిను దేశస్థులు 16వ శతాబ్దమున మెక్సికోను జయించుటకు ఎన్నో శతాబ్దములు ముందే, ఈ జాతివారు కొండశిఖరమును చదునుచేసి మహానగరమును నిర్మించిరి. కాలగణన మెరిగి రాళ్లపై లిపిని చెక్కిరి.

అట్టి వారి సంతతికి 19వ శతాబ్దారంభము నాటికి అక్షరమే దూరమయ్యెను. స్పెయిను రాజుల పాలనలో కచేరీలయందును, న్యాయస్థానములయందును చెల్లుబడి యగునది స్పానిష్ భాష. కొండపల్లెలవారికి ఆ భాష రాదు. పన్ను చీటిలో నేమి వ్రాసియున్నదో వారెరుగరు. తమ పొలమునకు సంబంధించిన పత్రము నెవరైన చదివి చెప్పినచో, చెప్పినది నిజమో కల్లయో తేల్చుకొను దారి వారికి లేదు. నేర్చుకొందమన్నచో పల్లెలో బడి లేదు. బడి యున్న పట్టణము కొండల కావల నున్నది. ఇట్టి పల్లెయొకదానిలో పుట్టి, చదువుకొరకు ఒంటరిగా కొండలు దాటి, తుదకు తన దేశమునకు అధ్యక్షుడైన మహనీయుడు బెనీటో హువారెజ్.

హువారెజ్ 1806వ సంవత్సరము మార్చి 21వ తేదీన గెలతావో అను కుగ్రామమున జన్మించెను. ఆ యూరిలో నున్న కుటుంబములు ఇరువదికి మించవు. తండ్రి మార్సెలీనో, తల్లి బ్రిజిదా. వారు జపోతెక్ జాతికి చెందిన పేద కర్షకులు. బాలునికి మూడేండ్ల ప్రాయముననే తల్లిదండ్రులిరువురును మరణించిరి. తాతయు నాయనమ్మయు వానిని, వాని యక్కలను చేరదీసిరి. పసికందైన చెల్లెలిని తల్లి తోబుట్టువు పెంచుకొనెను. కొన్ని యేండ్లకు తాతయు నాయనమ్మయు గతించిరి. అక్కలకు వివాహములయ్యెను. అప్పుడు బెనీటో పినతండ్రి వరుసవాడైన బెర్నార్దీనో యను వాని పంచన చేరి, వాని గొర్రెలను కాచుచు, పొలము పనులలో తోడ్పడుచు దినములు గడపసాగెను.

బెర్నార్దీనో పేదవాడైనను కొలదిగా స్పానిష్ భాష నెరిగినవాడు. ఆ భాష రానిదే పల్లెవారికి పైకి వచ్చు దారి లేదని యాతడు గ్రహించియుండెను. పని లేని వేళల బాలుని దగ్గర కూర్చుండబెట్టుకొని చదువు చెప్పుచుండెను. బాలునికి చదువుపై నెంత మక్కువ యనగా, పాఠము రానినాడు తన్ను శిక్షించుటకై కొరడాను తానే తెచ్చి పెద్దవాని చేతి కిచ్చుచుండెను. కాని పాఠములు సాగు దినములు తక్కువ, ఆగు దినములు ఎక్కువ. తెల్లవారగనే గొర్రెలు కొండకు పోవలెను. చేనిలో కలుపు తీయవలెను, పంట కోయవలెను. కడుపుకు తిండి కావలెనన్న పని మానరాదు. పని మాననిచో పాఠము సాగదు. ఊరిలో స్పానిష్ మాటలాడువారు లేకపోవుటచే, నేడు నేర్చిన నాలుగు మాటలు రేపటికి మరపున పడుచుండెను.

ఆ కొండ సీమయంతటను పిల్లలకు చదువు చెప్పించుటకు నాడు రెండే మార్గములుండెను. కలిగినవారు తమ కుమారులను వహాకా నగరమునకు తీసికొనిపోయి, ఖర్చు పెట్టి చదివించుచుండిరి. లేనివారు తమ పిల్లలను నగరములోని గృహస్థుల యిండ్లలో పనికి కుదుర్చుచుండిరి. జీతమునకు బదులుగా చదువను వ్రాయను నేర్పవలెననుటయే వారు కోరు షరతు. బిడ్డ యక్షరములు నేర్వవలెనన్నచో తల్లి యొడిని విడిచి, అన్యుల యింట అంట్లు తోమవలసినదే. ఈ సంగతి బాలుడు చిన్ననాటనే గమనించెను. నగరమునకు పోయినగాని తనకు చదువు రాదని నిశ్చయించుకొని, తన్ను పంపుమని బెర్నార్దీనోను పలుమారులు వేడెను. పెంచిన మమకారముచేతనో, వెంటబెట్టుకొని పోవుటకు తీరికలేకనో, ఆతడు నేడు రేపని జాగుచేయుచు వచ్చెను. బాలునికిని ఊరు విడుచుట యనిన దుఃఖముగనే యుండెను. ఒక ప్రక్క చిన్ననాటి చెలికాండ్రు, తన్ను పెంచిన యిల్లు. మరియొక ప్రక్క చదువు. ఆ రెంటి నడుమ వాని మనస్సు చిరకాలము పోరాడెను.

తుదకు చదువే గెలిచెను. 1818వ సంవత్సరము డిసెంబరు 17వ తేదీన, పండ్రెండేండ్ల బాలుడు ఎవరికిని చెప్పకుండ ఇల్లు విడిచి బయలుదేరెను. గొర్రెలలో నొకటి తప్పిపోగా శిక్షకు వెరచి పారిపోయెనని జనులు కథగా చెప్పుకొందురు. కాని వాని సంకల్పము ఆ నాటిది కాదు. ఎన్నో మాసములుగా మనస్సున ముదిరినది. గెలతావో నుండి వహాకా నగరమునకు సుమారు అరువది కిలోమీటర్ల కొండదారి. శీతకాలమున, ఒంటరిగా, కాలినడకను ఆ దారియంతయు నడచి, ఆ రాత్రికే బాలుడు నగరమును చేరెను. వానికి స్పానిష్ భాష వచ్చినది నామమాత్రము. నగరములో వాడెరిగినది ఒక్క గడపయే. అది ఆంటోనియో మాసా యను గృహస్థుని యిల్లు. వాని యక్క మరియా హోసెఫా ఆ యింట వంటమనిషిగా నుండెను.

మాసా దయతలచి, పని దొరకువరకు బాలుని తన యింట నుండనిచ్చెను. ఆ సీమలో నాగజెముడు మొక్కలపై ఒక జాతి చిన్న పురుగులను పెంచుదురు. వానిని ఎండబెట్టి దంచినచో మేలైన ఎర్రరంగు వచ్చును. ఆ రంగు ఆ కాలమున ఓడలపై ఐరోపాకు ఎగుమతి యగుచుండెను. బాలుడు దినమునకు రెండు రియాలుల కూలికి ఆ పురుగుల పెంపకమునకు కావలి యుండెను. కొలది దినములలోనే వానికి ఆంటోనియో సాలనువేవా యను పుణ్యాత్ముని యాశ్రయము లభించెను. సాలనువేవా దైవభక్తి గలవాడు. పుస్తకములు కుట్టి అట్టలు కట్టి జీవించువాడు. పిల్లలకు చదువు చెప్పించుటయందు మిక్కిలి ఆసక్తి గలవాడు. బాలుని బడికి పంపెదనని మాట యిచ్చి, 1819 జనవరి 7వ తేదీన వానిని తన యింట చేర్చుకొనెను. బాలుడు యజమానుని యింటి పనులను చూచుచు, పుస్తకముల నడుమ పెరుగు భాగ్యము పొందెను.

కాని బడి దొరికినంత మాత్రమున చదువు దొరకలేదు. ఆ కాలపు బడులలో వ్యాకరణమును బోధించు వాడుక లేదు. ప్రశ్నలకు ప్రత్యుత్తరములు కంఠస్థము చేయించుటయే బోధన. స్పానిష్ భాషను ఒక నియమము ననుసరించి నేర్వని బాలుడు తప్పులతోనే మాటలాడుచుండెను, తప్పులతోనే వ్రాయుచుండెను. మేలైన బడియని పేరొందిన మరియొక పాఠశాలలో చేరినప్పుడు, ఉపాధ్యాయుడు వానిచే ఒక పుట వ్రాయించెను. పుటలో తప్పులుండెను. ఆ తప్పు లెట్టివో చెప్పి దిద్దుటకు మారుగా ఉపాధ్యాయుడు బాలుని శిక్షించెను. అంతకంటె బాధ కలిగించినది మరియొకటి యుండెను. ఉన్నత కుటుంబములవారని పిలువబడు పిల్లలకు ఉపాధ్యాయుడు స్వయముగా వేరు గదిలో శ్రద్ధతో బోధించుచుండెను. బెనీటో వంటి బీదపిల్లలు మరియొక గదిలో సహాయకునికి వదలబడియుండిరి. ఆ సహాయకునికి చదువును తక్కువే, ఓరిమియు తక్కువే. కొండలు దాటి వచ్చిన బాలునికి ఆ రెండు గదుల నడుమనున్న గోడ కొండకంటె ఎత్తైనదిగా తోచెను. వాడా బడిని మానివేసి, తన కంతకుముందు వచ్చిన కొలదిపాటి చదువుతో, ఇంటిలోనే కూర్చుండి తానే వ్రాసి తానే దిద్దుకొనుచు భాషను సాధించెను.

నాడు వహాకాలో పై చదువునకున్న చోటు క్రైస్తవ మతాచార్యులను తయారుచేయు సెమినరీ యొక్కటే. సాలనువేవా యాశించినది తన పెంపుడు బాలుడు మతాచార్యుడు కావలెనని. ఇందొక విశేషమున్నది. కొండజాతుల భాష నెరిగినవాడు ఆస్తి లేకున్నను ఆచార్యపదవికి అర్హుడని నాటి మతశాసనములలో నియమముండెను. ఎక్కడను విలువలేని జపోతెక్ భాషకు ఆ యొక్క తావున విలువ కలిగెను. బెనీటోకు ఆ వృత్తియం దాసక్తి లేకున్నను, చదువుపై నాశతో 1821వ సంవత్సరమున సెమినరీలో చేరి లాటిను భాషను, తర్కమును అభ్యసించెను. ఆ సంవత్సరమే మెక్సికో స్పెయిను పాలన నుండి విముక్తి పొంది స్వతంత్రమయ్యెను. 1827వ సంవత్సరమున వహాకా నగరమునందు శాస్త్రములను కళలను బోధించు నూతన విద్యాలయ మొకటి వెలసెను. మతాచార్యుల యదుపులో లేని యా విద్యాలయమును కొందరు పాపపు కొంపయని నిందించిరి. బెనీటో ఆ నిందలను లెక్కసేయక, 1828లో నందు చేరి న్యాయశాస్త్రమును చదివెను. భౌతికశాస్త్రమును కొంతకాలము బోధించెను. 1834వ సంవత్సరమున న్యాయవాది పట్టమును పొందెను. ఊరు విడిచి వచ్చిన పదునారేండ్లకు ఆయన కృషి ఫలించెను.

ఆ యేడే ఆయన చదువునకు తొలి పరీక్ష వచ్చెను. లోహిచా యను పల్లెవాసులు తమ మతాచార్యుడు తమ వద్ద న్యాయమునకు మించిన రుసుములు గుంజుచున్నాడని మొరపెట్టుకొనిరి. ఆ కాలమున మతాచార్యులపై ఫిర్యాదులను మతాచార్యుల న్యాయస్థానములే విచారించుచుండెను. హువారెజ్ పల్లెవారి పక్షమున నిలిచెను. ఇంతలో ప్రభుత్వము మారెను. ఫిర్యాదు చేసిన పల్లెవారే చెరలో పడిరి. వారిని విడిపింపబోయిన న్యాయవాదియు తొమ్మిది దినములు కారాగృహమున నుండవలసి వచ్చెను. చట్టము ఒక వర్గమునకు ఒక విధముగను, మరియొక వర్గమునకు మరియొక విధముగను ఉన్నంతకాలము బీదవానికి న్యాయము కలుగదని ఆయన మనస్సున నాటుకొనెను. బడిలో చూచిన రెండు గదులను న్యాయస్థానమునందును చూచెను.

1843వ సంవత్సరమున ఆయన మార్గరీటాను వివాహమాడెను. ఆమె తన యక్క వంటమనిషిగా నుండిన మాసా గృహస్థుని కుమార్తె. 1847వ సంవత్సరమున హువారెజ్ వహాకా రాష్ట్రమునకు గవర్నరయ్యెను. కొండజాతిలో పుట్టిన గొర్రెలకాపరి, ఒకనాడు తాను కాలినడకను ప్రవేశించిన నగరమునుండి రాష్ట్రమును పాలింపసాగెను. అంతకుముందటి గవర్నరులు ఉత్సవములలో ఒక ప్రత్యేకమైన టోపీని ధరించెడివారు. ఆయన ఆ యాచారమును మానివేసి సామాన్య పౌరునివలె వస్త్రములు ధరించెను. వాకిట సైనికుల కావలి లేకుండ సొంత యింట నివసించెను. 1850లో ఆయన రెండేండ్ల కుమార్తె మరణించెను. చర్చిలలో శవములను పూడ్చరాదని నాడు చట్టముండెను. గవర్నరు కుటుంబమునకు మాత్రము ఆ చట్టము మినహాయింపు నిచ్చియుండెను. హువారెజ్ ఆ మినహాయింపును వినియోగించుకొనక, బిడ్డను ఊరివెలుపలి శ్మశానమునకు తానే తీసికొనిపోయెను.

గవర్నరుగా ఆయన మనస్సు పల్లెల చదువుపైననే యుండెను. పల్లెలలో బడులను పెంచుటకు పూనుకొనెను. బాలికల చదువును ఉపేక్షింపరాదని శాసనసభకు తెలిపెను. అయితే బడి పెట్టినంతనే పిల్లలు రారని ఆయన యెరుగును. పిల్లలను పంపని తండ్రులను మూర్ఖులని నిందించుట పట్టణవాసులకు వాడుక. హువారెజ్ ఆ నిందలో పాలుగొనలేదు. పేదరికమే దీనికి మూలమని ఆయన 1848లో శాసనసభ యెదుట వివరించెను. ఆలుబిడ్డలకు పూటకూడు సమకూర్చలేని తండ్రికి బిడ్డ చదువు ఎన్నడో చేతికందు దూరపు ఫలముగా కనబడును. ఆనాటి కూడు సంపాదించుటకు అడ్డుగా గూడ కనబడును. అందుచే బిడ్డను బడికి పంపుటకు మారుగా ఇంటిపనికో, కొలదిపాటి కూలికో పంపును. అట్టివాని బ్రతుకు కొంత మెరుగుపడినగాని బడి నిండదని ఆయన యభిప్రాయము. ఈ మాటలు పుస్తకమున చదివి చెప్పినవి కావు. గొర్రెలవెంట పోవుటకై పాఠము మానిన బాలుని యనుభవము వానిలో నున్నది.

1853వ సంవత్సరమున సాంతా ఆన్నా యను సేనాని దేశమున నిరంకుశాధికారము చేపట్టి హువారెజును బహిష్కరించెను. ఆయన అమెరికా సంయుక్త రాష్ట్రములలోని న్యూ ఆర్లియన్సు నగరమును చేరి పేదరికమున కాలము గడపెను. 1855లో ఆ సేనాని పదవీభ్రష్టుడు కాగా హువారెజ్ తిరిగివచ్చి న్యాయశాఖకు మంత్రి యయ్యెను. సైనికులకును మతాచార్యులకును గల ప్రత్యేక న్యాయస్థానముల యధికారమును తగ్గించుచు ఆయన చేసిన శాసనము ఆయన పేరనే ప్రసిద్ధి కెక్కెను. 1857లో నూతన రాజ్యాంగ మేర్పడెను. దానిని సహింపని పక్షమువారు కత్తి దూసిరి. మూడేండ్లు అంతర్యుద్ధము సాగెను. 1858 జనవరిలో దేశాధ్యక్షుడైన హువారెజ్ సముద్రతీరమునందలి వేరాక్రూజ్ రేవునుండి ప్రభుత్వమును నడపి, 1859లో మతసంస్థలను ప్రభుత్వము నుండి వేరుచేయు సంస్కరణ శాసనములను ప్రకటించెను. 1861 జనవరిలో విజయము పొంది రాజధానిని ప్రవేశించెను.

యుద్ధముచే బొక్కసము వట్టిపోయెను. 1861 జులైలో విదేశీ ఋణముల చెల్లింపును రెండేండ్లు నిలిపివేయవలసివచ్చెను. ఆ సాకుతో ఫ్రాన్సు చక్రవర్తి మూడవ నెపోలియన్ మెక్సికోపైకి సేనలను పంపి, 1864లో ఆస్ట్రియా రాజవంశీయుడైన మాక్సిమిలియనును మెక్సికో సింహాసనముపై కూర్చుండబెట్టెను. హువారెజ్ లొంగలేదు. ప్రభుత్వపు దస్తావేజులను వెంటబెట్టుకొని ఒక నల్లని గుర్రపుబండిలో ఊరినుండి ఊరికి, ఎడారులను దాటుచు, దేశపు ఉత్తర సరిహద్దు వరకు పోయెను. ఆ సరిహద్దును మాత్రము దాటలేదు. తాను దేశమును విడిచినచో గణతంత్రము ముగిసినదని లోకము తలచునని ఆయన భావము. భార్యయు బిడ్డలును న్యూయార్కులో ప్రవాసముండిరి. అక్కడ ఆయన కుమారు లిరువురు మరణించిరి. వారి కడపటి చూపునకైనను ఆయన నోచుకొనలేదు. 1867లో ఫ్రెంచి సేనలు వెడలిపోయెను. మాక్సిమిలియన్ పట్టుబడి సైనిక న్యాయస్థానముచే మరణశిక్ష పొందెను. ఐరోపా ప్రముఖు లెందరు వేడినను హువారెజ్ క్షమింపలేదు. ఈ నిర్ణయమును మెచ్చినవారును కలరు, గర్హించినవారును కలరు. ఆ జులై 15వ తేదీన ఆయన రాజధానిని తిరిగి ప్రవేశించెను.

దేశము శిథిలమై యుండెను. త్రోవలు చెడి, పంటలు పాడై, బొక్కసము శూన్యమై యుండెను. అట్టి స్థితిలో ఆరు మాసములైనను గడవక మునుపే హువారెజ్ ప్రభుత్వము విద్యాశాసనమును వెలువరించెను. అది 1867 డిసెంబరు 2వ తేదీ. ఆ శాసనము రాజధాని ప్రాంతమున ప్రాథమిక విద్యను నిర్బంధము చేసెను. పేదలకు ఉచితము చేసెను. దానిని రూపొందించుటలో గబీనో బర్రెదా యను పండితుడు ముఖ్యుడు. మరుసటి యేడు ఆయన నాయకత్వమున జాతీయ సన్నాహ పాఠశాల తెరువబడెను. వల్లెవేయుటకు మారుగా గణితమును, ప్రకృతి శాస్త్రములను క్రమముగా బోధించు విధానము అందు నెలకొనెను. ఒక బాలుని తప్పులతో కూడిన పుటను చూచి కొట్టిన బడికిని, ఈ బడికిని నడుమ నర్ధశతాబ్ది గడచెను.

అయినను, ఆ శాసనపు బలము రాజధానీ ప్రాంతమును దాటలేదు. రాష్ట్రములు తమ విద్యను తామే చూచుకొనవలెను. వహాకా కొండలలో ధనమునకు కొరత, ఉపాధ్యాయులకు కొరత. వచ్చిన యుపాధ్యాయునికి పిల్లల భాష రాదు. పిల్లలకు ఉపాధ్యాయుని భాష రాదు. హువారెజ్ తాను స్పానిష్ నేర్చి పైకి వచ్చినవాడగుటచే, దేశమున కంతకు ఆ భాషయే ద్వారమని తలచెను. జపోతెక్ బాలునికి జపోతెక్ భాషలోనే అక్షరములు నేర్పవచ్చునను తలంపు ఆ కాలపు పాలకులకు కలుగలేదు. ఆయన పక్షమువారు చేసిన భూశాసనములవలన పల్లెల యుమ్మడి భూములు కొన్నియెడల అన్యుల పాలయ్యెను. ఆయన మరల మరల అధ్యక్షపదవికి పోటీచేయుటను సహచరులు కొందరు ఆక్షేపించిరి. మహాపురుషుల చరిత్రలయందును ఇట్టి వెలితులు కానవచ్చును.

1872వ సంవత్సరము జులై 18వ తేదీన హువారెజ్ గుండెజబ్బుచే రాజధానిలో మరణించెను. అప్పటికి ఆయన దేశాధ్యక్షుడుగనే యుండెను. ఆయన జన్మదినమైన మార్చి 21 మెక్సికోలో జాతీయ పర్వదినము. ఆయన నడచిన కొండలకును, ఆయన చేరిన నగరమునకును ఆయన పేరే పెట్టబడినది. ఆయన చదివిన విద్యాలయము 1955లో విశ్వవిద్యాలయమై ఆయన పేరుతోనే వర్ధిల్లుచున్నది.

ఆయన తలపెట్టిన కార్యము మాత్రము ఆయనతో ముగియలేదు. 1910లో మెక్సికోలో గొప్ప విప్లవము చెలరేగెను. దాని పిదప 1921లో దేశమున కంతకు విద్యాశాఖ యేర్పడెను. దానికి తొలి మంత్రి హోసే వాస్కాన్సెలోస్. ఆయనయు వహాకా నగరముననే పుట్టినవాడు. ఆ శాఖవారు పల్లెపల్లెకు ఉపాధ్యాయులను పంపిరి. ఊరివారు కూడి బడిని కట్టుకొనిరి. ఆ బడులలో చదువుతోపాటు తోటపనియు, ఆరోగ్యసూత్రములును నేర్పిరి. బడిని ప్రజల యిల్లని పిలిచిరి. అయినను బోధన స్పానిష్ భాషలోనే సాగెను. తల్లిభాషలో మాటలాడినందుకు పిల్లలు శిక్ష పొందిన బడులును ఉండెను. 1978లో ఆదివాసుల విద్యకు ప్రత్యేక విభాగ మేర్పడెను. 2003లో చేసిన చట్టము జపోతెక్ మొదలగు ఆదివాసి భాషలను స్పానిష్ తోపాటు జాతీయ భాషలుగా గుర్తించెను. హువారెజ్ పుట్టిన నాటికిని ఈ చట్టమునకును నడుమ సుమారు రెండు వందల యేండ్లు గడచెను. నేటికిని ఆ కొండలలో, తమ భాష నెరిగిన గురువు కొరకు ఎదురుచూచు పిల్లలు లేకపోలేదు.

గెలతావో నేడును చిన్న యూరే. అందొక కొలను కలదు. ఆ కొలని గట్టున గొర్రెలను మేపిన బాలుడు దేశాధ్యక్షుడయ్యెనని ఊరివారు గర్వముతో చెప్పుకొందురు. ఒక బాలుడు కొండలు దాటి చదువుకొనుట వాని ధైర్యమునకు నిదర్శనము. కాని ఆ యిరువది యిండ్లలో ఇల్లు విడువలేక గొర్రెల వెంటనే నిలిచిపోయిన తక్కిన పిల్లల సంగతి యేమి? వారిలో నెందరు బుద్ధిమంతులుండిరో ఎవరికిని తెలియదు. హువారెజ్ ఆ పిల్లలను మరువలేదు. చదువుకొరకు బిడ్డ ఊరు విడిచి పోవుట కాక, చదువే బిడ్డ యున్న యూరికి రావలెనని ఆయన జీవితమంతయు పాటుపడెను. ఆయన తనకు దొరకిన విద్యను తనకే దాచుకొనక, దొరకనివారి పక్షమున వినియోగించెను. అందువలననే ఆయన పదవులను మరచినవారు గూడ, కొరడాను తానే తెచ్చి యిచ్చిన ఆ గొర్రెలకాపరి బాలుని మరువకున్నారు.